జెల్ గోళీల్లో మిరప నారు

ఏప్రిల్‌లో ఒకరోజు నిమ్మరసంలోకి నానబెట్టిన సబ్జా గింజలు కొంచెం మిగిలితే చిన్న స్టీల్ గిన్నెలో వేసి వంటింటి గట్టు మీద పెట్టి మర్చిపోయాను, మూడో రోజు గిన్నె కడుగుదామని తీస్తే ప్రతి గింజ చుట్టూ ఉండే ఆ జిగురు బుడగలోంచి సన్నటి తెల్ల తోక ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. గిన్నెలో నీళ్లు దాదాపు ఆరిపోయాయి, జిగురు మాత్రం ఇంకా తడిగానే ఉంది. మట్టి లేదు, కోకోపీట్ అనే కొబ్బరిపీచు పొడి లేదు, తడిగుడ్డ కూడా లేదు. గింజ తన చుట్టూ తానే నీళ్ల మూట కట్టుకుని అందులోనే మొలకెత్తేసింది. సింక్ దగ్గర ఆ గిన్నె పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడి చూశాను, పాలు పొంగుతున్నాయమ్మా అని పాప అరిస్తే గానీ కదల్లేదు.

అప్పుడే జనవరిలో హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొన్న ప్యాకెట్ గుర్తొచ్చింది. మనీప్లాంట్ పెట్టే గాజు సీసాలోకి బాగుంటాయని వాటర్ బాల్స్ కొన్నాం, ఎండినప్పుడు ఆవగింజ కంటే కొంచెం పెద్దగా ఉంటాయి, రాత్రి నీళ్లలో వేస్తే పొద్దుటికి పిల్లలు ఆడుకునే గోళీలంత అవుతాయి, అవే. సగం ప్యాకెట్ డ్రాయర్లో మిగిలే ఉంది. సబ్జా చేసిన పనే ఇవి కూడా చేస్తాయి కదా, నీళ్లు పట్టి పెట్టి మెల్లగా వదులుతాయి, మరి టమాటా గింజలు, మిరప గింజలు వీటిలో వేస్తే ఎందుకు రావు అనిపించింది. అలా మొదలైంది, రెండు నెలలు అదే పని అయింది.

అసలు నాకు ఈ తాపత్రయం ఎందుకంటే, పోయినేడాది నారంతా పోయింది. మేముండేది వనస్థలిపురంలో మూడో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ, పొద్దున పదకొండు దాకా ఎండ వస్తుంది. ట్రేలో ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ కలిపి గింజలు వేస్తే సగం చీమలు ఎత్తుకెళ్లాయి, మిగిలినవాటి మీద పావురాలు కూర్చుని కెలికేశాయి, నెట్ కట్టించాక మళ్లీ వేస్తే ఈసారి చక్కగా వచ్చాయి, రెండాకులు విప్పాయి, ఇక పర్లేదు అనుకున్న నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే ఒక వైపు నుంచి వరసగా పడిపోయి ఉన్నాయి. కాండం మొదట్లో, సరిగ్గా మట్టిని తాకే చోట, దారంలా సన్నబడి గోధుమరంగుకి తిరిగింది. నారుకుళ్లు తెగులు. తడి ఎక్కువై గాలి ఆడని మట్టిలో ఉండే ఫంగస్ లేత కాండాన్ని పట్టేస్తుంది, ఒకసారి పడిపోయిన మొక్కని ఇంక లేపలేం. సాయంత్రానికి ట్రే మొత్తం పడుకుంది. ముప్పై ఏడు మిరప మొక్కలు లెక్కపెట్టుకున్నాను, ఆ ముప్పై ఏడూ పోయాయి. అందుకని ఈసారి మట్టి లేకుండా మొదటి వారం గడిపేస్తే చాలు అన్న ఆశ.

మొదటిసారి తప్పు చేశాను. గాజు గిన్నె నిండా నానిన గోళీలు పోసి, వాటి మీద టమాటా గింజలు చల్లి, ఎండిపోకుండా ఉంటాయని ఇంకో గ్లాసుడు నీళ్లు కూడా పోశాను. గింజలు జారి అడుక్కి వెళ్లిపోయాయి. నాలుగో రోజుకి గిన్నె దగ్గర పులిసిన గంజి వాసన. గింజలు మెత్తబడి వేళ్ల మధ్య జారిపోయాయి, ఒక్కటీ మొలవలేదు. అప్పుడు అర్థమైంది, గింజకి కావాల్సింది నీళ్లొక్కటే కాదు, ఊపిరి కూడా కావాలి. నీళ్లు పీల్చి ఉబ్బగానే లోపల పని మొదలవుతుంది, దాచుకున్న పిండి కరగాలంటే ఆక్సిజన్ కావాలి, నీళ్లలో మునిగిపోయిన గింజకి అది సరిపోదు. గోళీలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి వాటి మధ్య సందులుంటాయి, ఆ సందుల్లో గాలి ఉండాలి, నేను ఆ గాలి ఉండాల్సిన చోటంతా నీళ్లతో నింపేశాను. రెండోసారి గోళీలని చిల్లుల గిన్నెలో వేసి పావుగంట వదిలేసి, నీళ్లన్నీ కారిపోయాక పైన పైన టిష్యూతో అద్ది వాడాను. పట్టుకుంటే చల్లగా ఉండాలి కానీ చెయ్యి తడవకూడదు, అదే కొలత.

ఇంకో సంగతి నీళ్ల దగ్గర బయటపడింది. మొదట బోరు నీళ్లలో నానబెడితే గోళీలు ఎంతసేపటికీ శనగగింజ సైజు దాటలేదు. ప్యాకెట్ పాతదై పాడైపోయిందేమో అనుకున్నాను. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి మూడు గ్లాసులు వరసగా పెట్టి ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో ఆర్వో ఫిల్టర్ నీళ్లు పోసి, తలా పది ఎండు గోళీలు వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున పాప స్కూల్ స్కేలు తెచ్చి కొలిస్తే ఫిల్టర్ నీళ్లవి 14 మిల్లీమీటర్లు, నల్లావి 12, బోరువి 9. కళ్లతో చూస్తే తేడా ఇంకా ఎక్కువ అనిపిస్తుంది ఎందుకంటే అడ్డంగా కొంచెం పెరిగినా లోపల పట్టే నీళ్లు చాలా పెరుగుతాయి, 9కీ 14కీ మధ్య నీళ్ల తేడా మూడు రెట్ల పైనే.

దీనికి కారణం చాలా అందంగా ఉంటుంది. ఈ జెల్ అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల వల, పసిపిల్లల డైపర్లలో ఉండే పొడి కూడా ఇదే జాతి. ఆ గొలుసుల పొడవునా నెగెటివ్ చార్జ్ ఉంటుంది, నీళ్లు తగలగానే ఒకదాన్నొకటి నెట్టుకుని దూరం జరుగుతాయి, ఆ ఖాళీలోకి నీళ్లు వెళ్తాయి, వల విచ్చుకుంటూ పోతుంది. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, బకెట్‌కీ గీజర్‌కీ తెల్లగా పట్టే ఉప్పు అదే, అవి పాజిటివ్ చార్జ్‌వి కాబట్టి రెండు గొలుసుల మధ్య చేరి రెండింటినీ కలిపి ముడేసేస్తాయి. ముడిపడిన వల ఇంక విచ్చుకోదు. ఎరువు కలిపిన నీళ్లు పోసినా ఇదే జరుగుతుంది, ఒకసారి బలంగా ఉంటాయని కొంచెం ఎన్‌పీకే కలిపిన నీళ్లు చల్లితే సాయంత్రానికి గోళీలు ముడుచుకుని చుట్టూ నీళ్లు వదిలేశాయి. అయినా గింజకి మొదటి వారం ఎరువుతో పనే లేదు, తల్లి కట్టిచ్చిన సద్దిమూట లోపలే ఉంటుంది, అది అయిపోయేదాకా దానికి తడి, గాలి, వెచ్చదనం ఉంటే చాలు. అందుకని నా మాట ఏంటంటే నానబెట్టడానికి ఫిల్టర్ నీళ్లో వాన నీళ్లో వాడండి, ఆర్వో నుంచి పైపులో బయటికొచ్చే వేస్ట్ నీళ్లు మాత్రం అస్సలు వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

చిన్న గింజలకి గోళీలు గోళీలుగా పనికిరావు. టమాటా, మిరప, వంకాయ, తోటకూర గింజలు సందుల్లోంచి అడుక్కి జారిపోతాయి, జారకుండా ఆగినా గుండ్రటి గోళీని ఒక్క చుక్క మేరే తాకుతాయి, మిగతా ఒళ్లంతా గాలికి ఎండుతుంది. ఫోర్క్‌తో గోళీలని నలిపేశాను, చిదిపిన జున్ను ముక్కల్లా అయ్యాయి, అది ఒక అంగుళం మందాన డబ్బాలో పరిచి, పైన గింజలు పెట్టి, వాటి మీద ఇంకో పల్చటి పొర వేసి వదిలేశాను. అదే నాకు బాగా కుదిరింది. స్వీట్ షాపు ప్లాస్టిక్ డబ్బా, మూతకి పిన్నుతో ఏడెనిమిది చిల్లులు, వంటింటి కిటికీ పక్కన నేరుగా ఎండ పడని చోట. బాల్కనీలో పెడితే మే ఎండకి ఒక్కరోజులోనే గోళీలు బఠాణీలంత అయిపోయాయి, లోపల పెడితే నాలుగైదు రోజులు చూసుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చూడాల్సింది. మట్టిలో వేస్తే మనకి కనిపించేది ఆకులు పైకొచ్చాకే, అంతకుముందు వారం రోజులు కింద ఏం జరుగుతుందో మనకి తెలీదు. జెల్‌లో అంతా కనిపిస్తుంది. మూడో రోజు రాత్రి టార్చ్ వేసి చూస్తే టమాటా గింజ కొస దగ్గర చిన్న పగులు, పొద్దున్నే బియ్యపు నూక అంత తెల్ల ముక్క, సాయంత్రానికి అది వంగి కిందికి తిరిగింది. గింజ ఎటు పడి ఉన్నా సరే, తలకిందులుగా ఉన్నా, పక్కకి ఉన్నా, వేరు మాత్రం తిరిగి తిరిగి కిందికే పోతుంది. ఒకదాన్ని కావాలని డబ్బాతో సహా పక్కకి తిప్పి పెట్టాను, మర్నాటికి వేరు మోచేయిలా వంగింది. మా పాప స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ కూడా దింపకుండా అక్కడికే వెళ్లేది.

ఐదో రోజు వేర్ల చుట్టూ తెల్లటి నూగు కనిపించింది. బూజు పట్టిందని భయపడి ఒక డబ్బా మొత్తం పడేశాను, పన్నెండు మొక్కలు, ఇప్పటికీ బాధే. రెండో డబ్బాలో కూడా అదే కనిపిస్తే భూతద్దం పెట్టి చూశాను. అది బూజు కాదు, వేరు వెంట్రుకలు. వేరు కొసకి కొంచెం వెనకాల నుంచి చుట్టూ ఒకే ఎత్తులో, బ్రష్ కుచ్చులా వస్తాయి, మొక్క నీళ్లు తాగేది ఎక్కువగా వాటితోనే. బూజైతే ఒక పద్ధతి లేకుండా గింజ తొక్క మీద, జెల్ మీద, ఎక్కడపడితే అక్కడ సాలెగూడులా అల్లుకుంటుంది. తేడా పట్టుకోవాలంటే మెల్లగా నీళ్లు స్ప్రే చేయండి, వేరు వెంట్రుకలైతే తడిసి వేరుకి అతుక్కుపోయి మాయమవుతాయి, బూజైతే అలాగే కనిపిస్తూ ఉంటుంది. మీరు నాలాగా ఆరోగ్యంగా ఉన్న మొక్కల్ని పారేయకండి.

మే మొదటి వారంలో మా మామయ్య వచ్చారు. సూర్యాపేట దగ్గర ఊరు, నలభై ఏళ్లు వరి, మిరప చేసిన మనిషి, ఇప్పుడు మోకాళ్లు సహకరించక పొలం కౌలుకిచ్చారు గానీ మాటలన్నీ దాని గురించే. వచ్చిన రోజు సాయంత్రం వంటింట్లోకి మంచినీళ్లకి వచ్చి డబ్బా చూశారు. మూత తీసి, వంగి, చాలాసేపు ఏమీ అనలేదు.

"మన్ను లేకుండ మొలకెట్ల వచ్చిందే బిడ్డా?"

చెప్పాను, ఇది నీళ్లు పట్టుకునే జెల్ మామయ్యా, మెల్లగా వదులుతుంది, సందుల్లో గాలి ఆడుతుంది అని.

"అంటే మండె కట్టినట్టే గదా" అన్నారు.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. వడ్లని ఒకరోజు నీళ్లలో నానబెట్టి, నీళ్లు వార్చేసి, గోనెసంచిలో మూటకట్టి గడ్డి కప్పి బరువు పెట్టి ఇంకోరోజు ఉంచుతారు, తెల్లగా ముక్కు పగిలాక తీసుకెళ్లి నారుమడిలో చల్లుతారు, దాన్నే మండె కట్టడం అంటారు. నేను రెండు డబ్బాలు పాడు చేసుకుని నేర్చుకున్నదంతా అందులోనే ఉంది, నానబెట్టాలి, నీళ్లు వార్చాలి, తడి ఆరకుండా గాలి ఆడేలా వెచ్చగా ఉంచాలి. మధ్యలో సంచి మీద నీళ్లు చిలకరిస్తూ ఉంటారట, లోపల చెయ్యి పెట్టి చూసి మరీ కాగిపోతుంటే విప్పి ఆరబోసి మళ్లీ కడతారట. "ముక్కు పలిగినంక ఆలస్యం జెయ్యొద్దు, ఏర్లు పొడుగైతే ఒకదానికొకటి సుట్టుకుంటయ్, సల్లేటప్పుడు తెగుతయ్" అన్నారు. ఆ ముక్క నాకు ఆ తర్వాత వారం అక్షరాలా పనికొచ్చింది.

ఎందుకంటే జెల్‌లో మొలిపించడం తేలికే, మట్టిలోకి మార్చడం దగ్గరే మొక్కలు పోతాయి. మొలక జెల్‌లో ఎంత ముద్దుగా ఉన్నా అక్కడ తిండి లేదు. గింజలో ఉన్నది అయిపోగానే పాలిపోయి, వెలుగు కోసం సాగి సాగి, తలవాల్చేస్తుంది. నా మొదటి బ్యాచ్ టమాటాల్ని చూడ్డానికి బాగున్నాయి కదా అని పన్నెండు రోజులు ఉంచాను, వేళ్లు రెండంగుళాలు పెరిగి జెల్ ముక్కల చుట్టూ, ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకున్నాయి, విడదీస్తుంటే టక్ టక్‌మని తెగాయి, పదహారింటిలో ఐదు బతికాయి. రెండో బ్యాచ్ మామయ్య చెప్పినట్టు వేరు అర అంగుళం రాగానే, ఇంకా గింజ తొక్క టోపీలా తల మీద ఉండగానే మార్చాను. ఇరవై గింజలు వేస్తే పదిహేడు మొలిచాయి, పద్నాలుగు నిలబడ్డాయి.

మార్చే పద్ధతి ఇది. పేపర్ టీ కప్పులకి అడుగున చిల్లు పెట్టి, ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ ఒక వంతు, బాగా చివికిన వర్మీకంపోస్ట్ ఒక వంతు కలిపి నింపి, ముందే తడిపి పెట్టుకోవాలి. పెన్సిల్‌తో చిన్న గుంట. మొలకని వేళ్లతో పట్టుకోకూడదు, టీ స్పూన్‌తో కింద నుంచి జెల్ ముక్కతో సహా ఎత్తాలి, వేరు ఆ ముక్కలోకి దిగి ఉంటే దాన్ని పీకొద్దు, అలాగే గుంటలో దింపేయండి, రెండు మూడు రోజులు ఆ ముక్కే దానికి నీళ్లిస్తుంది. తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే ఆకు పట్టుకోండి, కాండం పట్టుకోవద్దు, ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. సాయంత్రం పూట మార్చి, రెండు రోజులు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. వంటింట్లో పెరిగిన లేత మొక్కని ఒక్కసారిగా మే ఎండలో పెడితే మధ్యాహ్నానికే వాడిపోతుంది.

అన్ని గింజలకీ ఇది అక్కర్లేదు. చిక్కుడు, అలసంద, బెండ అన్నీ జెల్‌లో వేసి చూశాను, పదికి పది వచ్చాయి, కానీ అవి మట్టిలో వేసినా మూడు నాలుగు రోజుల్లో వస్తాయి, మళ్లీ మార్చే కష్టం ఎందుకు. బీర, సొర, దోస జాతికి వేళ్లు కదిలిస్తే నచ్చదు, నేరుగా కుండీలోనే పెట్టడం మంచిది. కొత్తిమీర కూడా అంతే. నిజంగా ఉపయోగపడింది మిరపకి. మిరప మొలవడానికి పది రోజుల పైనే పట్టొచ్చు, ఆ పది రోజులూ మట్టి పైపొర ఒక్కసారి ఆరినా, ఒక్కసారి ఎక్కువ తడిసినా గింజ పోతుంది, జెల్‌లో ఆ పది రోజులూ తడి ఒకేలా ఉంటుంది. మామయ్య ఊరి నుంచి కాగితం పొట్లంలో తెచ్చిన పాత మిరప గింజలు ఇరవై వేస్తే పదకొండో రోజుకి పదమూడు మొలిచాయి, వాటిలో ఒక్కటి కూడా నారుకుళ్లుతో పోలేదు.

పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ పేరా మాత్రం తప్పకుండా చదవండి. ఒక ఆదివారం మా ఆడపడుచు వచ్చింది, వాళ్ల బాబుకి రెండేళ్లు. మేం మాటల్లో ఉన్నాం, వాడు డైనింగ్ టేబుల్ కుర్చీ ఎక్కి గిన్నెలోంచి ఒక గోళీ తీసుకుని ద్రాక్షపండు అనుకుని నోటి దాకా తీసుకెళ్లాడు. పాప చూసి చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇవి మింగితే కడుపులో నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, పేగులో అడ్డం పడితే ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది, మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనపడవు కూడా, పిల్లాడు వాంతులు చేసుకుంటుంటే కారణం తెలియడానికే టైం పడుతుంది. ఎండు గోళీలు ఇంకా ప్రమాదం, చిన్నగా ఉండి కింద పడితే కనపడవు, లోపలికి వెళ్లాక పెరుగుతాయి. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా అంతే. మింగాడని అనుమానమొచ్చినా చాలు, ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఏం మింగాడో ఆ ప్యాకెట్ చూపించండి. నేను ఆ మర్నాడే ప్యాకెట్‌ని పైన అటకలో తాళం పెట్టెలో పెట్టాను, నానిన గోళీలు నలిపే వాడతాను, గుండ్రంగా పిల్లలకి కనపడేలా ఎక్కడా ఉంచను. చిన్నపిల్లలు తిరిగే ఇల్లయితే అసలు వీటిని తేకండి, తడిపిన కోకోపీట్‌లో కొంచెం ఎక్కువ జాగ్రత్త పడితే అదే ఫలితం వస్తుంది.

మామయ్య ఇంకో ప్రశ్న అడిగారు, ఇది చేన్లో వెయ్యొచ్చునా అని. వాన రెండు వారాలు మొహం చాటేస్తే మొలిచిన పత్తి ఎలా మాడిపోతుందో చూసిన మనిషికి ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది. నిజానికి ఈ రకం జెల్‌ల పుట్టుకలో వ్యవసాయం వాటా పెద్దది. అమెరికా వ్యవసాయ శాఖ పీయోరియా ల్యాబ్‌లో మొక్కజొన్న పిండి నుంచి వందల రెట్లు నీళ్లు పీల్చే పదార్థం తయారు చేశారు, 1970ల్లో దానికి సూపర్ స్లర్పర్ అని పేరు. మన దగ్గర ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (పూసా) వాళ్లు పూసా హైడ్రోజెల్ అని చేశారు, అది సెల్యులోజ్ ఆధారంగా చేసింది, తన బరువుకి 350 రెట్లు నీళ్లు పట్టగలదు, ఎకరాకి ఒకటి రెండు కిలోలు గింజ వేసే సాలులో పడేలా వేయమంటారు. నేను నుమాయిష్‌లో కొన్నది అది కాదు, అలంకరణకి అమ్మే ప్లాస్టిక్ జాతి గోళీలు, ఇవి మట్టిలో తొందరగా కరగవు, ఏళ్లు పడుతుంది. "ఇవి చేన్లో వేయొద్దు మామయ్యా, దానికి వేరే రకం ఉంది" అంటే ఆ పేరు కాగితం మీద పెద్దక్షరాలతో రాయించుకుని జేబులో పెట్టుకున్నారు.

అందుకే వాడిన గోళీలు కుండీల్లో గుప్పెళ్లకొద్దీ కలపను, సింక్‌లో అసలు వేయను, పైపులో ఉబ్బి కూర్చుంటే తీయడం మహా కష్టం. మొలకలు తీసేశాక మిగిలిన జెల్‌ని కడిగి పాత పళ్లెంలో పల్చగా పరిచి ఎండలో పెడితే మన మే ఎండకి రెండు రోజుల్లో మళ్లీ ఇసుకరేణువుల్లా ముడుచుకుపోతుంది. మూడుసార్లు వాడాను, ప్రతిసారీ కొంచెం తక్కువ ఉబ్బుతుంది, మూడోసారికి పసుపు తిరిగింది. ఆ తర్వాత పూర్తిగా ఎండబెట్టి కవర్లో కట్టి చెత్త ఆటోలో పొడి చెత్త వైపు ఇచ్చేశాను. ఇంకోటి, గాజు సీసాలో వెలుగు తగిలేలా పెడితే పది రోజుల్లో గోడల మీద ఆకుపచ్చ నాచు పడుతుంది, చుట్టూ న్యూస్‌పేపర్ చుట్టండి, వేళ్లకీ చీకటే ఇష్టం.

"మిరుగంలోపట నారు తయారు గావాలె" అని మామయ్య రోజూ అంటూనే ఉన్నారు, మిరుగం అంటే మృగశిర కార్తె. జూన్ మొదటి వారానికి పదమూడు మిరప మొక్కలూ నాలుగేసి ఆకులతో తయారయ్యాయి. రెండు నేను ఉంచుకుని పదకొండు ఆయన ఊరికి తీసుకెళ్తానన్నారు, పెరట్లో పెడతారట. ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట బస్సు, అక్కడి నుంచి ఆటో, ఎలా చూసినా నాలుగు గంటలు. కప్పులతో తీసుకెళ్తే మట్టి ఒలికిపోతుంది. పొద్దున్నే మట్టి మెల్లగా దులిపి, వేళ్లకి నలిపిన జెల్ గుప్పెడు పట్టించి, తడి న్యూస్‌పేపర్ చుట్టి, స్వీట్ డబ్బాలో వరసగా పడుకోబెట్టి మూత కొంచెం తెరిచి ఉంచాను. నాటేటప్పుడు ఊడి వచ్చినంత జెల్ తీసి ఆ డబ్బాలోనే వెయ్యండి మామయ్యా, వేరుకి పట్టుకున్నది లాగొద్దు, డబ్బా ఎవరికీ అందకుండా పైన పెట్టండి అని రెండుసార్లు చెప్పాను. "నాకు జెప్తున్నవా బిడ్డా నారు పెట్టుడు" అన్నారు, కానీ డబ్బా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు, పైన లగేజీలో పెట్టనివ్వలేదు.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశారు. పదకొండులో రెండు పోయినయ్, తొమ్మిది నిలవడ్డయ్, కొత్త ఆకు తీసినయ్ అని. జెల్ కొంచెం మిగిలిందట, అత్తయ్య అందులో వంకాయ గింజలు వేసిందట, "నీళ్లు వార్చి ఎయ్యమని జెప్పిన" అన్నారు.